ముందు ప్లగ్ పీకండి

కొత్త స్విచ్‌ను మానిటరింగ్‌లో చేర్చే పని ఎవరికి అప్పగించినా చేసేది ఒకటే. ఐపీ అడ్రస్ కొడతారు, ఎస్‌ఎన్‌ఎంపీ పాస్‌వర్డ్ ఇస్తారు, తయారుగా ఉన్న టెంప్లేట్ ఒకటి తగిలిస్తారు, తెర మీద పచ్చ గుర్తు రాగానే సేవ్ నొక్కి టీ తాగడానికి వెళతారు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నేను చెప్పేవి ఆ అలవాటుకు ఎదురు నడిచే సలహాలు. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. వీటిని పాటిస్తే ఆ పని కొన్ని వారాలు పడుతుంది. పట్టనివ్వండి.

ముంబయిలో వర్లి బీడీడీ చాళ్లలో, కామాఠీపుర గల్లీల్లో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చిన తాత బట్టల మిల్లులో సాంచా నడిపాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత ఆ మిల్లుల్లో చాలావాటికి మళ్లీ జీవం రాలేదు. వాటి స్థలాల్లో లేచిన అద్దాల ఆఫీసుల్లో ఇప్పుడు మనవడు రాత్రి షిఫ్టులో కూర్చుని నెట్‌వర్క్ తెరలు చూస్తున్నాడు. పొద్దున ఇంటికి వస్తే కేబుల్‌వాలా వదలడు. "తమ్మీ, కొత్త డబ్బా పెట్టినం, నీ కంప్యూటర్ల జర ఎక్కియ్యి" అంటాడు. ఆఫీసులో నేర్చుకున్న పద్ధతిని ఆ కుర్రాడు చాల్ గచ్చి మీదికి తెస్తాడు. నన్నడిగితే గచ్చి మీద నేర్చుకున్నదాన్ని ఆఫీసుకు తీసుకెళ్లాలి.

ఇక పని. పచ్చ గుర్తు వచ్చిన మరుక్షణం వెళ్లి ఆ స్విచ్ ప్లగ్ పీకేయండి. గడియారం చూసుకోండి. మీ ఫోను ఎప్పుడు మోగిందో, ఏమని చెప్పిందో రాసుకోండి. చాలా చోట్ల మానిటరింగ్ అయిదు నిమిషాలకోసారి డబ్బాను పలకరించేలా పెట్టి ఉంటుంది. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే తప్ప అలర్ట్ పోదు. అంటే పది నుంచి పదిహేను నిమిషాలు. ఒక్కో బీడీడీ చాల్‌లో 80 ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు, ఉంటాయి. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష నడుస్తున్న సమయమైతే పదిహేను నిమిషాల్లో కేబుల్‌వాలా ఫోను వేడెక్కిపోతుంది. మీ తెర మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. జనానికి తెలిసిన ఎంతసేపటికి మీకు తెలుస్తుందన్నది ప్లగ్ పీకి చూస్తేనే బయటపడుతుంది.

ప్లగ్ మళ్లీ పెట్టి, ఈసారి పక్క భవనం నుంచి వచ్చే కేబుల్ ఒక్కటి తీయండి. కరెంటు పోవడం ఒక రకం చావు, తీగ తెగడం ఇంకో రకం. మీకు వచ్చే అలర్ట్‌లో ఈ రెండింటికీ తేడా కనిపించకపోతే, రాత్రిపూట నిచ్చెన మోసుకెళ్లాలో ఫ్యూజు మోసుకెళ్లాలో మీకు తెలియదు. మూడో రకం చావు మరీ మోసకారిది. స్విచ్ పింగ్‌కు చక్కగా పలుకుతూనే ఉంటుంది, కానీ ఒక్క ప్యాకెట్టునూ ముందుకు పంపదు. పింగ్ మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రాము. అవతల ఎవరైనా ఉన్నారా అని కేక వేయడంతో దాని పని అయిపోతుంది. స్విచ్‌లో ఆ కేకకు పలికేది ఒక చిన్న ప్రాసెసర్. ఇళ్ల ప్యాకెట్లు మోసేది వేరే చిప్పు. మొదటిది బతికుండి రెండోది మొద్దుబారితే పింగ్‌కు తెలియదు. అందుకే స్విచ్‌తో పాటు దాని అవతల ఉన్న ఏదో ఒక మామూలు డబ్బాను కూడా పలకరించండి. ఆ డబ్బా పలికితేనే ఈ స్విచ్ పనిచేస్తున్నట్టు లెక్క.

మిల్లు సాంచాకు ఒక చిన్న ఇనుప ఫోర్కు ఉండేది. పేక పోగు తెగితే ఆ ఫోర్కు సాంచాను దానంతటదే ఆపేది. ఆ ఫోర్కు పనిచేస్తుందా లేదా అన్నది సాంచా సాఫీగా నడుస్తున్నంతసేపూ తెలియదు. పోగు తెంపి చూడాల్సిందే. మానిటరింగ్ అచ్చంగా ఆ ఫోర్కు లాంటిది. తెంపి చూడనిదాన్ని నమ్మి నిద్రపోకూడదు.

రెండో సంగతి, ఐపీ అడ్రస్ గురించి ఆఖర్న అడగండి. ముందు అడగాల్సింది ఈ డబ్బా ఎవరి మీటరు మీద నడుస్తోందని.

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఏ టెంప్లేట్‌లోనూ లేదు. 1920లో ఏర్పడిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ ఆ దశాబ్దంలోనే కట్టిన చాళ్లివి. వర్లిలోనే 121 కట్టారు. కింద ఒక అంతస్తు, పైన మూడు, మధ్యలో పొడవాటి నడవా, రెండు వైపులా 160 చదరపు అడుగుల ఖోలీలు, అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఇంటర్నెట్ అనే మాట పుట్టడానికి దశాబ్దాల ముందు కట్టిన ఈ గోడల్లో స్విచ్ పెట్టడానికి గది లేదు, దానికంటూ కరెంటు లేదు. కాబట్టి డబ్బా మెట్ల మలుపులోనో గచ్చి మీద ప్లాస్టిక్ పెట్టెలోనో ఉంటుంది. దానికి కరెంటు పై అంతస్తులో ఎవరి ఇంటి నుంచో వస్తుంది. అందుకు బదులుగా ఆ ఇంటికి కనెక్షన్ ఉచితం. ఈ ఒప్పందం కాగితం మీద ఉండదు. ఆ ఇంటి అవ్వకు, కేబుల్‌వాలాకు మాత్రమే తెలుసు.

ఎండాకాలం వస్తుంది. ఆ కుటుంబం పెళ్లికి ఊరికి బయల్దేరుతుంది. పొదుపరి అయిన అవ్వ మెయిన్ ఆఫ్ చేసి తాళం వేస్తుంది. గచ్చి మీద స్విచ్ ఆరిపోతుంది. అక్కణ్నుంచి పక్క భవనానికి, ఆ పక్కదానికి తీగ లాగి ఉంటుంది కాబట్టి మూడు చాళ్లు ఒకేసారి చీకట్లో పడతాయి. మానిటరింగ్‌లో మూడు ఎర్ర గుర్తులు. దాని వెనక ఉన్న కారణం మాత్రం జగిత్యాల బస్సులో కూర్చుని ఉంటుంది. అవ్వది ఇందులో ఏ తప్పూ లేదు. ఊరికి పోతూ మెయిన్ ఆపడం జాగ్రత్తపరులు చేసే పని. "అవ్వా, మీరు ఊరికి పోయే ముందు రోజు ఒక్క మాట చెప్పుండ్రి" అని ఎవరూ ఆమెకు చెప్పలేదు. డబ్బాను చేర్చడమంటే మొదట ఆ మాట చెప్పి రావడం.

ఆ సమాచారానికి చోటు లేదని సాకు చెప్పకండి. 1991లో వచ్చిన ఎంఐబీ-2 ప్రమాణంలోనే సిస్‌కాంటాక్ట్, సిస్‌లొకేషన్ అని రెండు గదులున్నాయి. దాదాపు ప్రతి స్విచ్‌లోనూ ఉంటాయి, ఒక్కోదాంట్లో 255 అక్షరాలు పడతాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేస్తారు, లేదా తయారీదారు రాసిపెట్టిన మాటే అలాగే ఉండిపోతుంది. ఆ గదుల్లో తెలుగు లిపి పట్టదు, కాబట్టి చాల్ నంబరు, అంతస్తు, మీటరు ఖోలీ నంబరు రోమన్ లిపిలో రాయండి. జాబిక్స్, లిబ్రేఎన్‌ఎంఎస్ వంటి వాటిలో నోట్సు రాసుకునే చోటు వేరే ఉంటుంది. అక్కడ తెలుగులో వివరంగా రాయండి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు తలుపు తట్టవచ్చు, పగలు నిద్రపోయే రాత్రి షిఫ్టు మనిషి ఎవరైనా ఆ ఇంట్లో ఉన్నారా అన్నవన్నీ.

ఈ కారణం వల్లే, మొత్తం నెట్‌వర్కును తనంతట తనే వెతికి దొరికిన డబ్బాలన్నిటినీ చేర్చేసే ఆటో డిస్కవరీ జోలికి పోవద్దంటాను. అది ఐపీ అడ్రస్‌లను వెతకగలదు. మీటర్లను వెతకలేదు. ఒక్కో డబ్బానూ మెట్లెక్కి చూసి చేత్తో చేర్చండి.

మూడో సలహాకు ఆఫీసులో తప్పకుండా గొడవవుతుంది. కొత్త డబ్బా మీద మొదట్లో అలర్టులేవీ పెట్టకండి. పూర్తిగా ఆగిపోతే తెలియజేసేది ఒక్కటుంచి మిగతావన్నీ తీసేయండి. ట్రాఫిక్ 80 శాతం దాటితే కేక, ప్రాసెసర్ 90 దాటితే కేక అని టెంప్లేట్‌లో వచ్చే హద్దులు ఎక్కడో ఎవరో ఊహించి పెట్టినవి. మీ డబ్బాకు మామూలుగా ఎంత ఉంటుందో తెలియకుండా ఎంతైతే ఎక్కువో ఎలా చెబుతారు? వర్లిలో మామూలు రోజు ఒకటి, జంబోరీ మైదాన్‌లో దహీహండీ జరిగే రోజు ఇంకొకటి. వినాయక చవితి పది రోజులూ చుట్టాలు దిగుతారు. 160 చదరపు అడుగుల్లో పది ఫోన్లు తేలతాయి. బతుకమ్మ ఆడే సాయంత్రాలు ఊళ్లో ఉన్న కూతురికి ఇక్కడి ఆట, ఇక్కడి కొడుకుకి అక్కడి ఆట వీడియో కాల్‌లో నడుస్తుంది. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లప్పుడు గీత గోడలా లేస్తుంది. వీటిలో ఏదీ జబ్బు కాదు. కనీసం ఒక పండుగైనా దాటేవరకు గ్రాఫు గీయనిచ్చి ఊరికే చూడండి. ఆ తర్వాత మీరు పెట్టే హద్దు మీ చాల్‌కు సరిపోతుంది.

మొదటి రోజే అన్ని అలర్టులూ పెట్టినవాడికి వారం తిరిగేసరికి ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఫోను రాత్రంతా మోగుతుంది. వాడు ఆ గ్రూపును మ్యూట్ చేస్తాడు. నిజమైన ప్రమాదం వచ్చినరోజు ఆ కేక కూడా మ్యూట్‌లోనే ఉంటుంది. పిల్లవాణ్ని బద్ధకస్తుడని తిట్టేవాళ్లను చూస్తే నాకు మండుతుంది. మనిషి చెవిని అంత చవగ్గా వాడుకున్నవాళ్లది తప్పు.

అందంగా, నున్నగా ఉన్న గ్రాఫును అనుమానించండి. ఇది వినడానికి వింతగానే ఉంటుంది గానీ దీని వెనక ఉన్నది గట్టి లెక్క. స్విచ్ ఒక్కో పోర్టులో ఎన్ని బైట్లు పోయాయో ఒక లెక్కడబ్బాలో పోస్తుంది. పాత పద్ధతి లెక్క 32 బిట్లది. 429 కోట్ల చిల్లర బైట్లు నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 మెగాబిట్ల పోర్టు పూర్తి వేగంతో నడిస్తే ఇది నిండటానికి 5 నిమిషాల 43 సెకన్లు పడుతుంది. అయిదు నిమిషాలకోసారి అడిగేవాడికి అది సరిపోతుంది. కానీ గిగాబిట్ పోర్టు అయితే 34 సెకన్లకే నిండిపోతుంది. మీరు అయిదు నిమిషాల తర్వాత వచ్చి అడిగేలోగా అది ఎనిమిదిసార్లు సున్నాకు తిరిగి ఉంటుంది. మీ తెర మీద మాత్రం చిన్న అంకె, ప్రశాంతమైన గీత. చాల్ జనం నెట్ పాకుతోందని మొత్తుకుంటుంటే, గ్రాఫు చూపించి "ట్రాఫిక్కే లేదు కదా" అని వాదించే ఇంజినీర్లుంటారు. గ్రాఫు కాదు, జనం చెప్పిందే నిజం. 64 బిట్ల లెక్క అడగండి. ఆ లెక్కల పేర్లలో హెచ్‌సీ అనే అక్షరాలుంటాయి, టెంప్లేట్‌లో అవి ఉన్నాయో లేవో కళ్లతో చూడండి. ఆ పైన ఒక పెద్ద ఫైలు దింపుతూ, గీత మీరు దింపినంతా లేస్తోందా అని సరిచూడండి.

ఆగకుండా ఏడాదికి పైగా నడిచిన డబ్బాను మెచ్చుకోవద్దు. దాన్ని రీస్టార్ట్ చేయండి. స్విచ్ తాను లేచి ఎంతసేపయిందో సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెడుతుంది. అది కూడా 32 బిట్ల లెక్కే కాబట్టి 497 రోజులకు సున్నాకు వస్తుంది. ఆ రోజు మానిటరింగ్ "డబ్బా పడి లేచింది" అని కేకపెడుతుంది. అసలు ఏమీ జరిగి ఉండదు. ఇది చిన్న ముచ్చటే. పెద్ద భయం వేరే ఉంది. అన్నాళ్లు ఆపని డబ్బా మళ్లీ లేస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. మధ్యలో ఎవరో చేసిన మార్పు సేవ్ అయిందో లేదో తెలియదు. భద్రతా అప్‌డేట్ ఒక్కటీ ఎక్కి ఉండదు. కొత్తగా చేర్చినప్పుడే, పట్టపగలు, కేబుల్‌వాలాకు చెప్పి, ఒకసారి ఆపి లేపండి. లేచాక పోర్టుల వరస మారిందేమో కూడా చూడండి. కొన్ని స్విచ్‌లు రీస్టార్ట్ అయ్యాక పోర్టుల లోపలి నంబర్లను మార్చేసుకుంటాయి. ఆనక పక్కచాల్ ట్రాఫిక్ మీ చాల్ పేరు మీద గీస్తుంటుంది.

గడియారం సంగతి క్లుప్తంగా. పెట్టెలోంచి తీసిన డబ్బా గడియారం గ్రీన్‌విచ్ వేళలో ఉంటే, మన వేళకు అయిదున్నర గంటలు వెనక. రాత్రి 2:10కి జరిగింది లాగ్‌లో అంతకు ముందు రోజు రాత్రి 8:40 అని పడుతుంది. ఆ వేళకు గచ్చి మీద ఆడుకుంటున్న పిల్లల మీదికి నింద పోతుంది. ఐపీ కన్నా ముందు గడియారం సరిచేయండి.

పచ్చ, ఎరుపు అనే రెండు రంగుల మీద ఆధారపడకండి. వర్లిలో సముద్రపు గాలి ఉప్పుతో వస్తుంది. జూన్ నుంచి నాలుగు నెలలు వాన. గచ్చి మీద పెట్టెలో కనెక్టర్లు ఒక్కరాత్రిలో చావవు, మెల్లగా చస్తాయి. ఫైబర్ కనెక్షన్లలో ఇది బాగా కనబడుతుంది. ఇంట్లో పెట్టెకు చేరే వెలుగు బలాన్ని డెసిబెల్ లెక్కలో కొలుస్తారు. మామూలుగా మైనస్ 20 దగ్గర ఉండేది, జాయింట్‌లో తడి చేరేకొద్దీ మైనస్ 22, మైనస్ 24 అంటూ దిగుతుంది. ఎక్కువగా వాడే పెట్టెలు మైనస్ 27 దాకా ఓర్చుకుంటాయి. అది దాటాక ఎర్ర దీపం వెలుగుతుంది, జనం ఫోన్ చేస్తారు. మైనస్ 20 నుంచి మైనస్ 27కి దిగిన ఆ రోజులన్నీ మీ తెర పచ్చగానే ఉంది. కాబట్టి ఉందా లేదా అన్నది కాదు, నిన్నటికన్నా తగ్గిందా అన్నది అడిగే అలర్ట్ పెట్టండి. కింద పడ్డాక చెప్పే అలర్టుల్లో సగం తీసేసినా నష్టం లేదు. దిగజారుతున్నప్పుడు చెప్పే ఈ ఒక్కటి మాత్రం ఉండాలి. తొలకరికి ముందే, అంటే మే నెలలో, ఒకసారి ఈ అంకెలన్నీ ముద్రించి పెట్టుకోండి. వానలు వెలిశాక పక్కన పెట్టి చూస్తే ఏ పెట్టె మూత సరిగా లేదో తెలిసిపోతుంది.

మానిటరింగ్ యంత్రాన్ని ఆ నెట్‌వర్క్ పక్కనే పెట్టవద్దు, ఎంత సౌకర్యంగా ఉన్నా సరే. 2020 అక్టోబరు 12 ఉదయం పది గంటల ప్రాంతంలో ముంబయి అంతటా కరెంటు పోయింది. లోకల్ రైళ్లు పట్టాల మీదే ఆగాయి. చాలా చోట్ల తిరిగి రావడానికి రెండు మూడు గంటలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ పట్టింది. ఆ రోజు నెట్‌వర్క్‌తో పాటే దాన్ని కాపలా కాసే యంత్రమూ ఆరిపోయిన చోట ఒక్క అలర్టూ రాలేదు. అలర్ట్ రాకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం మన అలవాటు కదా. కాపలా యంత్రాన్ని కాసేది ఇంకొకటి కావాలి, అది ఊరి బయట ఉండాలి. పద్మశాలీలకు సోలాపూర్‌లో చుట్టాలు లేని ఇల్లు అరుదు. అక్కడ మేనమామ ఇంట్లో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టించి, అయిదు నిమిషాలకోసారి వర్లి యంత్రాన్ని పలకరించమనండి. వర్లి పలకకపోతే మీ ఫోనుకు అక్కణ్నుంచి కబురు రావాలి. పెద్ద కంపెనీలు ఇదే పనిని లక్షలు పోసి చేయించుకుంటాయి.

చూడగలిగినదంతా చూడకండి. ఈ సలహా విషయంలో నేను మొండిగా ఉంటాను. కొత్త స్విచ్ చేర్చగానే ఏ ఖోలీ ఎంత వాడుతోంది, ఏ వేళ వాడుతోంది, కొన్ని డబ్బాలైతే ఏ సైటుకు పోతోంది కూడా చూపిస్తాయి. చాల్‌లో మనుషుల మధ్య గోడలు ముందే పలచన. ఎవరింట్లో ఏం కూర వండారో నడవా అందరికీ చెబుతుంది. మిగిలిన కాస్త గుట్టును మన గ్రాఫు బయట పెట్టకూడదు. పైకి వెళ్లే పోర్టునూ, భవనాల మధ్య తీగలనూ గమనించండి. ఇళ్ల పోర్టుల్లో లింకు ఉందా, తప్పులు వస్తున్నాయా అన్నది చాలు. ఎవరైనా పెద్దమనిషి వచ్చి "ఆ పిల్లగాడు రాత్రి ఏం చూస్తుండో జర చెప్పు" అంటే, మా దగ్గర ఆ లెక్క లేదు అని నిజంగానే చెప్పగలగాలి.

అలాగే బయటివాళ్లూ చూడకూడదు. ఎస్‌ఎన్‌ఎంపీ మొదటి రెండు తరాల్లో తాళంమాట తీగ మీద విప్పిచెప్పినట్టే పోతుంది. అది కూడా చాలా డబ్బాల్లో "పబ్లిక్" అనే మాటే. సంకేతీకరించి పంపే మూడో తరం 2002లోనే ప్రమాణమైంది. దాన్నే వాడండి, చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. మీ డబ్బా ఆ మూడో తరాన్ని పలకలేకపోతే, మానిటరింగ్ యంత్రం ఒక్కదానికే జవాబిచ్చేలా కట్టడి చేయండి. సీసీటీవీ రికార్డర్లను చేర్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రపంచమంతటా కెమెరాలను, రౌటర్లను ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే పట్టుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది. ఆ కెమెరాల యజమానులకు అవి చేసిన పని తెలియనే తెలియదు.

ఒకటి చేర్చే ముందు ఒకటి తీసేయండి. వర్లిలో ఇప్పుడు ఇది మరీ అవసరం. చాళ్లు ఖాళీ అవుతున్నాయి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు గృహనిర్మాణ సంస్థ మ్హాడా కట్టిన కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు అందాయి. కామాఠీపురకు కూడా పునర్నిర్మాణ ప్రణాళిక ఉంది. భవనం కూల్చినా మానిటరింగ్‌లో దాని స్విచ్ అలాగే ఎర్రగా పడి ఉంటుంది. ఎర్ర గుర్తుకు కన్ను అలవాటు పడుతుంది. నిజంగా పడిపోయిన డబ్బా వాటి మధ్యలో కలిసిపోతుంది. ఇంకా ప్రమాదమేమిటంటే, కూల్చిన చాల్ స్విచ్ ఐపీ అడ్రస్‌ను టవర్‌లో కొత్త డబ్బాకు ఇస్తారు. మానిటరింగ్ దాన్ని చూసి పాత చాల్ బతికొచ్చిందని పచ్చగా చూపిస్తుంది, కొత్త డబ్బా మాత్రం లెక్కలో లేకుండా పోతుంది. పాతదాని గ్రాఫులను ఒక ఫైలులో దాచిపెట్టి, దాన్ని తీసేసి, ఆ తర్వాతే కొత్తదాన్ని చేర్చండి.

టవర్‌లో మీటరు ప్రశ్న పోదు, వేషం మారుస్తుంది. అక్కడ డబ్బా ఉండేది షాఫ్ట్‌లో, తాళం వేసిన తలుపు వెనక. కరెంటు సొసైటీ ఉమ్మడి మీటరుది. కాబట్టి రాత్రి తాళంచెవి ఏ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, జనరేటర్ నడిచినప్పుడు ఈ ప్లగ్గుకు కరెంటు వస్తుందా లేదా, షాఫ్ట్‌లోకి నీళ్ల పైపు దిగుతోందా అన్నవి అడగండి. జనరేటర్ ప్రశ్నకు బిల్డర్ మనిషి తడుముకోకుండా "వస్తుంది" అంటాడు. నమ్మకండి, జనరేటర్ పరీక్షించే రోజు వెళ్లి స్విచ్ దీపం చూసి రండి. 40 అంతస్తుల భవనంలో లిఫ్ట్ ఆగినరోజు 30వ అంతస్తు డబ్బా దాకా ఎక్కేదెవరో కూడా అప్పుడే తేల్చుకోండి.

చివరిది అలర్ట్ ఎవరికి పోవాలన్నది. గ్రూపుకు పంపకండి. ఇరవైమందికి పోయిన కబురును ప్రతివాడూ ఇంకెవరో చూసుకుంటారని వదిలేస్తాడు. ఒక్క మనిషికి పంపండి. పది నిమిషాల్లో ఆ మనిషి చూశానని నొక్కకపోతే రెండో మనిషికి పోనివ్వండి. ఆ ఇద్దరికీ ముందుగా చెప్పి, ఒప్పించి, వీలైతే డబ్బు మాట్లాడి పెట్టండి. రాత్రి లేచేవాడికి ఉత్త పొగడ్త సరిపోదు. ఎవరూ లేవని డబ్బాను చేర్చవద్దు. తెర మీద అది ఉంటే ఎవరో చూసుకుంటున్నారని జనం నమ్ముతారు, ఆ నమ్మకాన్ని ఊరికే ఇవ్వకూడదు.

ఆ కబురు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉండనక్కరలేదు. ఇప్పటి మానిటరింగ్ ప్రోగ్రాములు తెలుగు లిపిని చక్కగా పంపగలవు. "62వ ఖోలీ మీటరు. 34వ చాల్ గచ్చి స్విచ్‌కు కరెంటు లేదు" అని రాయించండి. కేబుల్‌వాలా దగ్గర పనిచేసే కుర్రాడు తెలుగు చదవలేడంటే మరాఠీలో రాయించండి. ఎస్‌ఎంఎస్ పంపేటట్టయితే ఒక లెక్క గుర్తుంచుకోండి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. గుణింతాలు, వత్తులు, మధ్యలో ఖాళీలు అన్నీ విడివిడిగా ఆ డెబ్బైలోకి వస్తాయి. దాటితే సందేశం రెండు ముక్కలవుతుంది, రెండోది ఆలస్యంగా రావచ్చు. అందుకని తలుపు తట్టాల్సిన ఖోలీ నంబరును అన్నిటికన్నా ముందు పెట్టండి.